ధాన్యపు సీమలో శిశుపోషణ

నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింద కోదాడ మాగాణములను, మిర్యాలగూడ రైసుమిల్లులను చూచిన బాటసారి, ఇచ్చటి పసివారికి పోషణ కొరవడుననిన నమ్మజాలడు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ రాష్ట్రమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మంది వయస్సునకు తగిన యెత్తు పెరుగలేదు. ఆరునెలలు నిండినవారిలో 70 మందికి రక్తహీనత యున్నది. వెనుకటి సర్వేలో ఈ లెక్కలు ఇంతకంటె తక్కువగానే యుండెను.

కాన్పులు నూటికి 97 ఆసుపత్రులలోనే జరుగుచుండగా, పుట్టిన గంటలో తల్లిపాలు నోచుకొన్న శిశువులు 37 మందియే! నూటికి అరువది ఆపరేషను కాన్పులగుట ఇందుకు కొంత కారణము కావచ్చును గాని, ముర్రుపాలకు ఆలస్యము వైద్యుల కన్నులయెదుటనే జరుగుచున్నదనుట మాత్రము నిజము.

అసలు గండము ఆరవనెల దాటిన పిమ్మట వచ్చును. అన్నప్రాశనము బంధుజనసమక్షమున వేడుకగా జరిపెదము. ఆ మరునాటి తిండి యెవరికిని పట్టదు. నాట్ల దినములలో తల్లి తెల్లవారకమునుపే కూలీల ఆటో యెక్కి పోవగా, అవ్వ యొడిలోనో అక్క చంకలోనో మిగిలిన బిడ్డకు పలుచని చారుబువ్వయో, అయిదురూపాయల బిస్కట్టు పొట్లమో గతియగును. పసిపొట్ట చిన్నది, పప్పు, నూనె, గ్రుడ్డు చేర్చిన మెత్తని ముద్దను కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టిననే గాని బలము చేకూరదు. అంగన్‌వాడీ వారిచ్చు బాలామృతము మంచిదే. కాని దానిని కలిపి, ఓపికతో తినిపించు చేయి ఇంట నుండవలెను గదా! దీనికితోడు కలుషిత జలమువలన విరేచనములు పట్టినచో, పథ్యమను పేర తిండి మాన్పించుట మన పెద్దలకు అలవాటు. చిక్కిన బిడ్డను రోగము మరల సులభముగా పట్టును, రోగము తగిలిన బిడ్డ మరింత చిక్కును.

ఉపాధిహామీ పనిచోట అయిదుగురు పసివారున్న యెడల ఒక స్త్రీని కాపుంచి కూలి యీయవలెనని 2005 నాటి చట్టమే శాసించినది. వరిమడికి అట్టి నియమము లేదు. కావున నాట్ల మాసమున ఆయకట్టు గ్రామములలో అంగన్‌వాడీలను వేకువనుండి తల్లులు తిరిగివచ్చువరకు తెరచియుంచవలెను. ఇప్పటికే పనిభారముతో క్రుంగుచున్న టీచరు నెత్తిన దీనిని మోపక, వేరొక ఆయాను నియమించి, ఆమె జీతమును సూర్యాపేట, మిర్యాలగూడ మార్కెట్టుయార్డులు ధాన్యముపై వసూలుచేయు రుసుమునుండి చెల్లించుట న్యాయము. ఆ ధాన్యమును నాటినవారు ఈ తల్లులే.