కొత్త కోడుకైనా భాష నియమం పెట్టుకుందాం



2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండేళ్లుగా దాగి ఉన్న లోపమది. అవతలివాడు నాలుగక్షరాలు పంపి, 64 కిలోబైట్లు పంపానని చెబితే చాలు. సర్వరు సరిచూసుకోకుండా తన మెమరీలోంచి అంత డేటా తీసి ఇచ్చేసేది. పాస్‌వర్డులూ, రహస్య తాళాలూ అందులో కలిసి పోయేవి. ఆ కోడు రాసినవారు చేతకానివారు కారు. హద్దు చూసుకునే పూచీని సీ భాష మనిషికే వదిలేసింది. ఎంతటి సమర్థుడైనా ఏదో ఒకనాడు మరిచిపోతాడు.

క్రోమియం ప్రాజెక్టు 2020లో లెక్క తీస్తే, తీవ్రమైన భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులే. అయినా మన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోడింగ్ మార్గదర్శకాలు తిరగేయండి. ఇండెంటేషన్ ఎంత, బ్రాకెట్ ఏ వరుసలో అని పేరాలకు పేరాలు ఉంటాయి. ఏ పనికి ఏ భాష వాడాలో మాత్రం చాలాచోట్ల ఒక్క ముక్క ఉండదు.

మేం కోరేది ఇదీ: బయటినుంచి వచ్చే డేటాను చదివే కొత్త కోడు, అది ఫైల్ పార్సరైనా, నెట్‌వర్క్ ప్రోటోకాలైనా, రస్ట్, గో వంటి మెమరీ భద్రత గల భాషలోనే రావాలి. సీ తప్పదంటే కారణం రాసిపెట్టాలి. రస్ట్ కంపైలర్ అందని పాత ప్రాసెసర్లు ఉన్నాయి. అది సరైన కారణమే.

పాత కోడంతా తిరగరాయమనడం లేదు. ఏళ్లుగా వాడకంలో నలిగి, తప్పులు దిద్దుకున్న కోడును కదిపితే కొత్త తప్పులు వస్తాయి. ఆండ్రాయిడ్ వాళ్లు పాతది చాలావరకు అలాగే ఉంచి, కొత్త కోడును మెమరీ భద్రత గల భాషలకు మళ్లించారు. 2019లో వారి భద్రతా లోపాల్లో 76 శాతం మెమరీవి. 2024కి అవి 24 శాతానికి దిగాయి. లినక్స్ కెర్నెల్ కూడా 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో రస్ట్‌ను రానిచ్చింది, సీని వదులుకోలేదు.

"రెండు భాషలైతే రివ్యూ ఎవరు చేస్తారు?" అని సీ మెయింటైనర్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. జీతం లేకుండా ఏళ్లపాటు ప్రాజెక్టును మోసినవారి నెత్తిన మరో బరువు పెట్టకూడదు. అందుకే రెండు భాషలు కలిసే చోటును ఎవరు చూసుకోవాలో ఆ నియమంలోనే రాయాలి. రస్ట్ కోడు తెచ్చినవారే దాని బాగోగులు చూడాలి.

తర్వాతి వెర్షన్ వచ్చేలోపే మీ ప్రాజెక్టు మార్గదర్శకాల ఫైలుకు ఈ సవరణ ప్రతిపాదించండి. మెయింటైనర్లారా, దాన్ని చర్చకు పెట్టండి.