నూజివీడు మామిడికి నీటి చల్లదనం: గొట్టాల కంటే నియంత్రణ ముందు

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో వాడుకలోకి వచ్చిన ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా నిర్మించారు. ఒక సగానికి మామూలు ఎయిర్ కండిషనింగ్ అమర్చారు. రెండవ సగంలో శ్లాబులో పరచిన గొట్టాల గుండా చల్లని నీటిని ప్రవహింపజేసి గదులను చల్లబరిచారు. దీనినే వికిరణ శీతలీకరణ అంటారు. శీతలీకరణకు రెండవ సగం సుమారు 34 శాతం తక్కువ విద్యుత్తు వినియోగించినట్లు ప్రచురిత కొలతలు తెలుపుతున్నాయి. నిర్మాణ వ్యయంలో చెప్పుకోదగిన తేడా లేదు.

ఈ ఫలితాన్ని చూసి మామిడి గ్రేడింగ్ షెడ్లకు, ప్యాక్‌హౌస్‌లకు ఇదే పద్ధతిని సిఫారసు చేయాలనిపించడం సహజం. నూజివీడు ప్రాంతంలో ఆ ఉత్సాహానికి కళ్లెం వేయక తప్పదు.

సమఘనపరిమాణంలో గాలి కంటే నీరు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. అందువల్ల పెద్ద ఫ్యాన్ల పనిని చిన్న పంపు చేస్తుంది. పైగా నీటిని 7 డిగ్రీల వరకు చల్లార్చనక్కరలేదు, 16-18 డిగ్రీలు సరిపోతాయి. చిల్లర్‌పై భారం తగ్గుతుంది. చిక్కంతా తేమతోనే. బంగినపల్లి, రసాలు కోతకు వచ్చే మే నెలలో గాలి 34 డిగ్రీల వద్ద 60 శాతం తేమతో ఉంటే తుషార స్థానం 25 డిగ్రీలు. లారీ కోసం తలుపు తెరచిన షెడ్డులో 17 డిగ్రీల పైకప్పు చెమర్చి, కాయలపై నీరు బొట్లుబొట్లుగా రాలుతుంది. తడిసిన కాయపై ఆంత్రాక్నోస్ మచ్చ విస్తరించడానికి అంతకంటే అనుకూలత అక్కరలేదు. కరెంటు బిల్లులో మిగిలినది కాయ ధరలో పోతుంది.

మాగబెట్టే గదుల సంగతి ఇంకా స్పష్టం. అక్కడ 20 డిగ్రీల వద్ద 90 శాతం తేమ ఉండాలి. తుషార స్థానం గది ఉష్ణోగ్రతకు రెండు డిగ్రీల లోపే నిలుస్తుంది. అంత స్వల్ప తేడాతో పండే కాయ విడుదల చేసే వేడిని పైకప్పు తీయలేదు. ఆ గదులను ఈ చర్చ నుంచి తప్పించడమే మేలు.

మిగిలిన చోట్ల మొదట సాధించవలసినది నియంత్రణ. బయటి గాలిని ఆరబెట్టి లోనికి పంపాలి. గదిలోని తుషార స్థానాన్ని నిరంతరం కొలుస్తూ, నీటి ఉష్ణోగ్రత దానికి రెండు డిగ్రీలు పైన ఉండేలా వాల్వు తనంతట తాను సర్దుకోవాలి. తలుపు తెరిస్తే ప్రవాహం ఆగాలి. అయితే కాంక్రీటు శ్లాబు గంటల తరబడి చల్లదనాన్ని వదలదు. వాల్వు మూసినా చెమర్చడం వెంటనే ఆగదు. తలుపులు తరచు తెరిచే షెడ్లకు శ్లాబు కంటే పలుచని లోహపు పలకలు నయం. పంపు వేగం అవసరాన్ని బట్టి మారాలి: వేగం సగానికి తగ్గితే, సిద్ధాంత రీత్యా, విద్యుత్తు ఎనిమిదో వంతుకు దిగుతుంది. కొటేషన్లలో గొట్టాల పొడవు వివరంగా ఉండి ఈ సెన్సార్ల ఊసే లేకపోతే, ఆ ప్రతిపాదనను వెనక్కి పంపడమే విస్తరణ శాస్త్రవేత్త విధి.

మరొక అభ్యంతరం ఉంది. కార్యాలయం ఏడాదంతా నడుస్తుంది. మామిడి షెడ్డుకు పని ఏప్రిల్ నుంచి జూన్ వరకే. తొమ్మిది నెలలు ఖాళీగా ఉండే భవనంలో పొదుపు లెక్క పోచారం లెక్క కాదు. కనుక తొలి ప్రయోగం రైతు పెట్టుబడితో జరగరాదు. నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది, 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ ఉంది. ఒక శిక్షణ మందిరంలో లోహపు పలకలు బిగించి, రెండు మామిడి సీజన్ల పాటు తుషార స్థానాన్ని, మీటరు రీడింగును పక్కపక్కనే నమోదు చేయడం విద్యార్థుల ప్రాజెక్టు పరిధిలోని పనే.