యాభై అయిదు సెకన్లు

1964వ సంవత్సరం, జూలై 12, ఆదివారం. మధ్య ఫ్రాన్సులో పుయి ద దోమ్ అనే పర్వతం ఉంది. ఏనాడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఎత్తు 1,465 మీటర్లు. దాని శిఖరానికి చుట్టలు చుట్టుకుంటూ పోయే ఇరుకైన దారికి ఇరుపక్కలా ఆనాడు లక్షలాది జనం కిక్కిరిసి నిలిచారు. సైకిళ్ళు కంటిముందునుండి సాగిపోయేది కొన్ని క్షణాలపాటే. ఆ క్షణాలకోసం గంటల తరబడి ఎండలో నిలబడటం, అవసరమైతే ముందురాత్రే వచ్చి దారి పక్కన పడుకోవటం ఈ పందెపు అభిమానులకు పరిపాటి. కాలక్షేపానికి రొట్టె, ద్రాక్షసారా, ట్రాన్సిస్టరు రేడియో, అన్నింటినీ మించి వాదన.

వాదన దేనినిగూర్చి అన్న సందేహం ఆనాడు ఎవరికీ లేదు. జాక్ ఆంక్తీల్ గొప్పవాడా, రేమోన్ పులిదోర్ గొప్పవాడా?

‘టూర్ ద ఫ్రాన్స్’ అంటే ఫ్రాన్సు ప్రదక్షిణం. ఇంచుమించు మూడు వారాలు, ఇరవైకి పైగా అంచెలు. ప్రతిదినమూ ఒక ఊరినుండి మరొక ఊరికి పందెం. ఏ దినం ఎవడు ముందు వచ్చాడన్నది ఒక లెక్క. మొదటిరోజు నుండి పట్టిన కాలమంతా కూడితే ఎవరికి తక్కువ పట్టిందన్నది అసలు లెక్క. ఆ లెక్కలో ముందున్నవాడు పసుపుపచ్చని జెర్సీ ధరిస్తాడు. 1919లో మొదలైన ఈ ఆచారానికి మూలం మరేమీ కాదు, పందేన్ని నడిపిన ‘లోతో’ పత్రికను పసుపుపచ్చని కాగితం మీద అచ్చువేసేవారు. ఆ పత్రిక అమ్మకాలు పెంచుకొనడానికే సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్ 1903లో ఈ పందేన్ని ప్రారంభించాడు. కాబట్టి పుట్టుకలోనే ఇది చూసే ఆటకన్న చదివే ఆట. దారిపక్కన నిలిచినవాడికి కనిపించేది ఒక మలుపు. మిగిలిన కథంతా మరునాటి పత్రికలో చదివి, కాఫీ దుకాణంలో తోటివారితో తర్కించి, తానే పూరించుకోవాలి. అలా పూరించుకొనేటప్పుడు ఎవరి కథ వారిది.

అభిమానం ఎంత దూరం పోగలదో రెండవ ఏటనే తేలిపోయింది. 1904లో సేంతెతియెన్ చేరువలోని కనుమదారిలో, రాత్రివేళ, అల్‌ఫ్రెద్ ఫోర్ అనే స్థానికుని పక్షంవారు దారికాచి, తమవాణ్ణి పోనిచ్చి, వెనుక వచ్చిన మోరిస్ గారెన్ మీద, అతని తోటివారి మీద కర్రలతో, రాళ్ళతో పడ్డారు. నిర్వాహకులు తుపాకులు గాలిలోకి పేల్చితే తప్ప జనం చెదరలేదు. నీమ్ పట్టణంలో మరొక స్థానికుణ్ణి పందెంనుండి తొలగించినందుకు మళ్ళీ రాళ్ళవాన. పందెంలో జరిగిన అక్రమాలు కూడా తక్కువేమీ కావు. ఆ ఏడాది చివర మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించి, హెన్రీ కోర్నే అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి విజేతను చేశారు. అంధాభిమానం ఈ పందేన్ని చంపివేసిందనీ, ఇదే ఆఖరిదనీ దెగ్రాంజ్ తన పత్రికలో వాపోయాడు. మరుసటి ఏడు మళ్ళీ నడిపాడు. పత్రికలు అమ్ముడుపోతూంటే ఎవరైనా ఆపుతారా?

ఆంక్తీల్ నార్మండీవాడు. 1934లో జన్మించాడు. ఇరవైమూడేళ్ళకే, 1957లో, తొలి ప్రయత్నంలోనే టూర్ గెలిచాడు. తరువాత 1961, 62, 63లలో వరసగా గెలిచాడు. ఇతని బలం గడియారంతో పోటీ. అంటే, ఒక్కొక్కరినీ విడివిడిగా బయలుదేరదీసి కాలం కొలిచే అంచె. వంచిన వీపు కదలకుండా, ముఖంలో ఒక్క గీత చెదరకుండా తొక్కేవాడు. ఆ అంచెలో నిమిషాలు సంపాదించటం, కొండలమీద ఆ నిమిషాలను ఖర్చు కాకుండా కాపాడుకొనటం—ఇదీ అతని వ్యూహం. గుమాస్తా పద్దులు రాసినంత నిబ్బరంగా గెలిచేవాడు. జనానికి అది నచ్చలేదు.

పులిదోర్ లిముజేన్ ప్రాంతపు కౌలురైతుల బిడ్డ. 1936లో పుట్టాడు. ఎండకు కమిలిన ముఖం, నిదానమైన మాట. 1962లో తొలిసారి టూర్‌కు వచ్చినప్పుడు ఎడమచేతికి పిండికట్టుతో బయలుదేరి, మూడవవాడుగా ముగించాడు. అప్పటినుండి ఫ్రెంచి ప్రజలు అతణ్ణి ‘పుపూ’ అని ముద్దుపేరుతో పిలిచారు. ఆంక్తీల్‌కు కూడా ఒక బిరుదు ఇచ్చారు: ‘మేత్ర్ జాక్’, అంటే జాక్ దొరగారు. ఒకరికి ముద్దుపేరు, ఒకరికి బిరుదు. ఈ రెంటికీ ఉన్న దూరమే ఆ వివాదమంతా.

తెలుగు పాఠకునికి దీనిని వివరించటం కష్టం కాదు. కర్ణుడు లేని భారతం శొంఠి లేని కషాయం అని చెప్పుకొనే జాతి మనది. గెలిచిన అర్జునుడికంటె, రథచక్రం కుంగినవాడి మీద జాలి ఎక్కువ.

ఆంక్తీల్‌కు ప్రజల ఈలలు కొత్త కాదు. 1959లో స్పెయిన్‌వాడు బహమోంతెస్ గెలిచినప్పుడు, తోటి ఫ్రెంచివాడు ఆంగ్లాద్ గెలవకుండా ఇతడు, మరికొందరు కావాలనే ఊరుకున్నారని ప్రేక్షకులు అనుమానించి, పారిస్‌లో పందెం ముగిసేచోట ఈలలు వేసి అవమానించారు. తరువాత అతడు ఒక పడవ కొని దానికి ‘ఈలలు 59’ అని పేరు పెట్టుకున్నాడు. ఇది తెగువా, గాయమా అంటే రెండూ అనవచ్చు. గాయం లేనివాడికి ఆ పేరు తోచదు.

ఇక 1964. ఆ ఏటి కథను అభిమానులు ఈనాటికీ కూడికలు తీసివేతలతోనే చెప్పుకుంటారు. మొనాకోలో ముగిసే అంచెలో, మైదానం చుట్టూ ఇంకొక చుట్టు మిగిలి ఉండగానే అయిపోయిందనుకొని పులిదోర్ ముందుగానే వేగం అందుకున్నాడు, ఆగిపోయాడు. ఆఖరి చుట్టులో ఆంక్తీల్ గెలిచి ఒక నిమిషం బోనస్ దక్కించుకున్నాడు. తరువాత అండొరాలో విశ్రాంతిదినం. అంతకుముందే ఒక జ్యోతిష్కుడు, ఆంక్తీల్ ఈ పందెంలో మరణిస్తాడని పత్రికాముఖంగా జోస్యం చెప్పాడు. ఆంక్తీల్ మాత్రం ఆ రోజు సాధన మాని, కాల్చిన గొర్రెమాంసం విందుకు పోయాడు. మరునాడు ఎన్వలీరా కనుమ ఎక్కుతూ కుదేలైపోయి, శిఖరం చేరేసరికి నాలుగు నిమిషాలు వెనుకబడ్డాడు. శిక్షకుడు జెమినియానీ ఒక సీసా షాంపేన్ పట్టించాడని కథ. నిజమో కాదో గాని, దట్టమైన మంచులో, దారి కనబడని దిగుడులో ప్రాణానికి తెగించి దిగి ముందువారిని కలుసుకున్నాడు. అదే దినం, తూలూజ్ చేరువలో, పులిదోర్ బండి పాడైంది. మారుబండి ఇచ్చిన మెకానిక్కు ఆత్రంకొద్దీ బలంగా తోయగా పులిదోర్ కిందపడ్డాడు. రెండు నిమిషాలకు పైగా నష్టం. పరాజయానికి సిద్ధమైనవాడు బతికిపోయాడు. గెలవవలసినవాడు తనవాడి చేతిమీదుగా పడ్డాడు. మరునాడే ల్యుషోన్ అంచెను పులిదోర్ గెలిచి కొంత రాబట్టుకున్నాడు.

అలా పుయి ద దోమ్ పాదానికి వచ్చేసరికి తేడా 56 సెకన్లు. శిఖరం దగ్గరపడుతున్నకొద్దీ ఇద్దరూ తక్కినవారినుండి విడివడి పక్కపక్కన సాగారు. ఒకరి వెనుక ఒకరు కాదు, పక్కపక్కన. ఒక దశలో మోచేతులు తగిలాయి. ఆ క్షణాన తీసిన ఫొటో సైకిలు పందేల చరిత్రలోకెల్లా ప్రసిద్ధమైనది. అలసిపోయినవాడు ఎదుటివాని చక్రం వెనుక దాగుతాడు, ఆంక్తీల్ దాగలేదు. తన పని అయిపోయిందని ఎదుటివాడికి తెలియకూడదన్నదే అతని ఎత్తు. చివరి కిలోమీటరులో గాని పులిదోర్ అతణ్ణి వదలించుకోలేకపోయాడు. అంచె గెలిచినవాడు స్పెయిన్‌వాడు హూలియో హిమేనెస్. అతడు ఎవరికీ పట్టలేదు. శిఖరం మీద పులిదోర్‌కు మిగిలిన లాభం 42 సెకన్లు. ఆంక్తీల్ ముఖం నెత్తురు లేనట్లుంది. ఎంత మిగిలిందని అడిగాడట. పద్నాలుగు సెకన్లన్నారు. నాకు కావలసినదానికన్న పదమూడు ఎక్కువ అన్నాడని చెప్పుకుంటారు.

రెండు రోజుల తరువాత, ఫ్రెంచి జాతీయ దినోత్సవాన, వెర్సాయ్ నుండి పారిస్‌కు 27.5 కిలోమీటర్ల గడియారపు పోటీ. ఆంక్తీల్ 21 సెకన్లు సంపాదించాడు. గెలిచినందుకు బోనస్ ఇంకొక ఇరవై. మొత్తం తేడా 55 సెకన్లు. అయిదవ విజయం. అంతకుముందు ఎవరూ అయిదుసార్లు గెలవలేదు.

ఇక కాఫీ దుకాణాల్లో లెక్కలు మొదలు. మొనాకో బోనస్ ఒక నిమిషం కదా, తేడా 55 సెకన్లే కదా! తూలూజ్ దగ్గర ఆ మెకానిక్కు తోయకుండా ఉంటే? కొండమీద ఒక కిలోమీటరు ముందుగా దౌడు తీసి ఉంటే? ఆంక్తీల్ పక్షంవారి సమాధానం ఒక్కటే: చుట్టులు లెక్కపెట్టుకోవటం కూడా పందెంలో భాగమే. ఈ మాట కాదనలేనిది. కాని కాదనలేని మాటలతో ఎవరి మనసూ మారదు.

తరువాతి కాలపు చరిత్రకారులు, సామాజిక పరిశీలకులు ఇందులో రెండు ఫ్రాన్సులను చూశారు. ఆంక్తీల్ ఆధునిక ఫ్రాన్సు: లెక్క, యంత్రం, వ్యాపారం. పులిదోర్ కనుమరుగవుతున్న పల్లె ఫ్రాన్సు: చెమట, ఓర్పు, దురదృష్టం. వివరణ బాగానే ఉంది గాని, కొంచెం మితిమీరి బాగుంది. ఆంక్తీల్ కూడా పట్నవాసి కాదు. తండ్రి స్ట్రాబెర్రీ తోటలు సాగుచేసినవాడే. దురదృష్టవంతుడని పేరుపడ్డ పులిదోర్ డబ్బు విషయంలో మహా జాగ్రత్తపరుడు. తనకు ఎంత దురదృష్టం పడితే జనం అంత ప్రేమించారనీ, సంపాదన కూడా అంత పెరిగిందనీ అతడే నవ్వుతూ చెప్పేవాడు. అభిమానులు వాదించుకొన్నది ఈ ఇద్దరు మనుషులను గూర్చి కాదు, ఈ ఇద్దరిలో తాము చూసుకొన్న తమను గూర్చి.

గెలిచినవాడికి ఈ సంగతి మింగుడుపడలేదు. 1965లో ఆంక్తీల్ టూర్‌కు పోలేదు. దానికి బదులు, జెమినియానీ ప్రోద్బలంతో, అసంభవమనిపించే పని ఒకటి తలపెట్టాడు. ఎనిమిది దినాల దోఫినే పందెంలో పులిదోర్‌ను ఓడించి, అదే సాయంత్రం విమానమెక్కి బోర్దో చేరి, ఆ రాత్రే మొదలైన బోర్దో–పారిస్ పందెంలో దిగాడు. అయిదువందల యాభై కిలోమీటర్లకు పైగా ఏకధాటిగా తొక్కాలి. నడుమ ఒకసారి దిగిపోబోయినవాణ్ణి శిక్షకుడు రెచ్చగొట్టి మళ్ళీ ఎక్కించాడు. గెలిచాడు. ఆరేళ్ళక్రితం ఈలలు వేసిన పారిస్ మైదానమే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంత శ్రమ ఓడినవాడికి ఎన్నడూ పడవలసి రాలేదు.

పులిదోర్ పధ్నాలుగుసార్లు టూర్‌లో పాల్గొన్నాడు. మూడుసార్లు రెండవవాడు, అయిదుసార్లు మూడవవాడు. 1968లో వెనుకనుండి మోటారు సైకిలు గుద్దింది. 1973లో ప్రారంభపు చిన్న పోటీలో సెకనులో పదింట ఎనిమిది వంతుల తేడాతో పసుపు జెర్సీ తప్పిపోయింది. నలభై ఏళ్ళ వయసులో, 1976లో, ఆఖరిసారి మూడవవాడుగా నిలిచాడు. ఆ జెర్సీని ఒక్కనాడైనా ధరించలేదు. ఫ్రెంచి భాషలో మాత్రం అతని పేరు మాటగా స్థిరపడింది: ఎన్నికలలో గాని, బహుమానాలలో గాని, ఎప్పుడూ రెండవ స్థానంలో నిలిచేవాణ్ణి ‘పులిదోర్’ అంటారు. అయిదుసార్లు గెలిచినవానికి ఆ గౌరవం దక్కలేదు.

పందేలు ముగిశాక ఇద్దరూ స్నేహితులయ్యారు. అభిమానులు పోట్లాడుకొన్నన్నాళ్ళు వారు కూడా పోట్లాడుకోవలసి వచ్చింది గాబోలు. 1987లో ఆంక్తీల్ కడుపులో పుట్టిన కాన్సరుతో మరణశయ్యమీద ఉన్నప్పుడు, ఈ బాధ క్షణక్షణమూ పుయి ద దోమ్ ఎక్కుతున్నట్లుందని స్నేహితునితో చెప్పాడట. ఈసారి కూడా నీవు రెండవవాడివేనని హాస్యమాడాడట. ఇది పులిదోర్ చెప్పిన కథ. ఆంక్తీల్ ఆ ఏడు నవంబరులో కన్నుమూశాడు. పులిదోర్ 2019 నవంబరులో.

2021 జూన్ 27న మ్యూర్ ద బ్రెతాన్ కొండమీద మత్యూ వాన్ దెర్ పూల్ అనే డచ్చి యువకుడు తన తొలి టూర్ రెండవ అంచెను గెలిచి, పసుపు జెర్సీ సంపాదించాడు. గీత దాటుతూ వేలెత్తి ఆకాశం వంక చూపి, ఆనక కంటతడి పెట్టాడు. అతడు పులిదోర్ కుమార్తె కొడుకు. తాతకు ఒక్కనాడు దక్కని దాన్ని మనుమడు ఆరు దినాలు ధరించాడు.

పుయి ద దోమ్ దారి మాత్రం చాలాకాలం పందేనికి మూసి ఉంది. 1988 తరువాత మళ్ళీ 2023లోనే టూర్ అక్కడికి వెళ్ళింది. ఆనాటి అంచె బయలుదేరిన ఊరు సేన్ లెయొనార్ ద నొబ్లా. పులిదోర్ నివసించిన ఊరు, కన్నుమూసిన ఊరు. కొండదారి పక్కన ఇప్పుడు శిఖరానికి పోయే రైలుపట్టాలు పరచుకొన్నాయి, పర్వతం రక్షిత ప్రదేశమైంది. అందుచేత చివరి నాలుగు కిలోమీటర్లలో ప్రేక్షకులను రానివ్వలేదు. అరవై ఏళ్ళక్రితం లక్షలమంది అరిచినచోట ఆనాడు ఆటగాళ్ళ ఊపిరి, గొలుసుల చప్పుడు తప్ప వేరే ధ్వని లేదు. ఆ నిశ్శబ్దంలో స్లొవేనియా వీరుడు పొగాచర్ పసుపు జెర్సీలో ఉన్న వింగెగార్‌ను వదలించుకొని ఎనిమిది సెకన్లు రాబట్టాడు. మిగిలిన తేడా పదిహేడు సెకన్లు. అడ్డుకట్టల కింద ఆగిపోయిన జనం ఆ రాత్రి ఆ లెక్కమీదనే వాదించుకున్నారు.