ఓసీఐ అంటే ద్వంద్వ పౌరసత్వం కాదు



అమెరికా సైన్యంలో చేరుతున్న మన పిల్లల గురించి మీరు వేసిన వ్యాసంలో ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును ద్వంద్వ పౌరసత్వమన్నారు. అది పొరపాటు, పైగా నమ్మినవాళ్లను ముంచే పొరపాటు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ ఉన్నవారికి ఇక్కడ ఓటు లేదు. అంతకంటే ముఖ్యం, విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికీ, చేసి రిటైరైనవారికీ ఆ కార్డే ఇవ్వరు. యూనిఫాం తొడుక్కునే ముందు ఈ సంగతి ఎందరు పిల్లలకు, ఎందరు తల్లిదండ్రులకు తెలుసు?

పరాయి సైన్యంలో చేరిన మనవారి మాటకొస్తే, మా భవానీపూర్‌లో ఇంద్ర రాయ్ రోడ్డు ఉంది. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, గగన పోరులో 13 రోజుల్లో 10 విజయాలు సాధించి, 1918 జూలై 22న పందొమ్మిదేళ్లకే నేలకొరిగారు. ఆ రోడ్డు మీద నడిచినప్పుడల్లా నాకు ఆ వయసే గుర్తొస్తుంది. కానీ ఆయన కాలంలో మనకంటూ వేరే పౌరసత్వం లేదు. నేటి పిల్లలకు ఆయన్ని ఉదాహరణగా చూపడం తగదు.

మరో మాట: సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లి, ఉక్రెయిన్ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్న హైదరాబాద్ యువకుడి మరణం 2024 మార్చిలో బయటపడింది. మీ వ్యాసం అతన్ని తలవనేలేదు. దయచేసి ఆ లోటు పూరించండి.

– ఒక తెలుగు పాఠకుడు, భవానీపూర్, కలకత్తా