చందాదారుల యోర్పు

సొమ్ము ముందుగా పుచ్చుకొని వస్తువును పిమ్మట నిచ్చు పద్ధతి మనకు క్రొత్తది కాదు. పూర్వచందాల మీద గ్రంథములును పత్రికలును వెలువడిన దినములు మన దేశమున గలవు. ఇప్పుడా పద్ధతియే కంప్యూటరు ఆటల లోకమున ప్రబలియున్నది. పెద్ద కంపెనీల యండ లేని యిద్దరు ముగ్గురు శిల్పులు తాము చేయదలచిన యాటను వర్ణించి, 2009లో నేర్పడిన కిక్‌స్టార్టరు వంటి చందాల వేదికపై లోకమును సొమ్మడుగుదురు. దేశదేశముల యువకులు తమ చేతి ఖర్చులోనుండి తీసి యిత్తురు. మా కాజీపేట పిల్లలును వారిలో నున్నారు. చెప్పిన గడువు దాటును, ఏడాది దాటును, శిల్పులు పలుకరు. అప్పుడెవడైన "అయ్యా, మా సొమ్ముతో నేమి జరుగుచున్నది?" అని యడిగెనా, తోడి చందాదారులే వానిపై విరుచుకొని పడుదురు. కళను తొందరపెట్టరాదట! ఓర్పు లేనివానికి రసజ్ఞత లేదట! ఈ యోర్పు సద్గుణము కాదనియే మా వాదము.

ఆలస్యమును మేము నిందింపము. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడియు అకారమును దాటలేదు. 1923లో వారు గతించిరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ పనిని తలకెత్తుకొనవలసివచ్చెను. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో నేర్పడగా, అది తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో గాని చదువరుల చేతికి రాలేదు. ఇట్టి పనులు గడియారము చూచుకొని ముగియవు. అయినను లక్ష్మణరావుగారి పని యెంతవరకు వచ్చెనో తెలియగోరినవానికి వెలువడిన సంపుటమే సమాధానము చెప్పెను. అకారము దాటలేదని చదువరి కన్నులార చూచి, విసుగుకొనుటయో సంతోషించుటయో తానే నిర్ణయించుకొనెను.

ఆటల లోకమునను ఇట్టి మర్యాద యెరిగినవారు లేకపోలేదు. 2012లో అమెరికాయందలి టిమ్ షేఫర్ అను శిల్పి నాలుగు లక్షల డాలర్లు కోరగా, ఎనుబది వేలకు పైబడిన జనులు ముప్పదిమూడు లక్షల డాలర్లిచ్చిరి. ఆట ఆ సంవత్సరముననే వచ్చునని యాశపెట్టిరి. 2013 జూలైలో షేఫరుగారు చందాదారులకు జాబు వ్రాసి, తలపెట్టిన యాట పెరిగినదనియు, చేతనున్న సొమ్ము చాలదనియు, ఆటను రెండు భాగములుగా విడదీయుదుననియు తెలిపిరి. ప్రథమ భాగము 2014 జనవరిలోను, రెండవది 2015 ఏప్రిల్‌లోను వచ్చెను. లోకము వారిని తిట్టకపోలేదు. కాని పని జరుగు తీరునంతయు మొదటినుండి చలనచిత్రముగా తీయించి చందాదారులకు చూపుచుండిరి గనుక, తిట్టువానికి తిట్టుటకైనను ఆధారముండెను!

ఓర్పు పక్షమువారు మా నోరు మూయించుటకు వేరొక యాటను చూపుదురు. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఆస్ట్రేలియాయందలి అడిలైడు నగరమున టీమ్ చెర్రీ అను చిన్న బృందము 2014లో ముప్పదియైదు వేల ఆస్ట్రేలియా డాలర్లు కోరి, ఏబదియేడు వేలు పొందెను. 2017లో హాలో నైట్ అను చక్కని యాటను వెలువరించెను. మరియొక నాయికతోగూడ నాడింపజేయుదుమని చందాదారులకు మొదటనిచ్చిన మాట పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అను వేరొక యాటయై, 2019 ఫిబ్రవరిలో ప్రకటింపబడెను. అది వచ్చినది 2025 సెప్టెంబరు 4న. నడుమ దీర్ఘమౌనము. ఒక యభిమాని ప్రతిదినము లేచి "నేడును వార్త లేదు" అని ప్రకటించుటయే వ్రతముగా పెట్టుకొనెను. వ్రతములు చేసిన దేశమువారము గనుక వానిని మేము పరిహసింపము. తుదకు ఆట వచ్చిన దినమున కొనువారి తాకిడికి అంగడులే స్తంభించినవి. తాము చిక్కులలో పడలేదనియు, ఆనందముతో పని పెంచుకొనుచు పోయితిమనియు శిల్పులు చెప్పిరి.

మంచిదే. అయితే ఆ మాటనే 2021లో చెప్పియున్న నేమి చెడియుండెడిది? మూడు నెలలకొక పర్యాయము నాలుగు పంక్తులు వ్రాసిన యెడల ఆటలోని మర్మము బయటపడునా? పంట పండినది గనుక కౌలుదారుడు లెక్క చూపనక్కరలేదని యే రైతును ఒప్పుకొనడు. పండని పొలములు వేరే గలవు. 2012లో చందాలు మొదలిడిన స్టార్ సిటిజన్ అను నాట 2014లో రావలసియుండగా, 2022 నాటికి ఏబది కోట్ల డాలర్లు ప్రోగుచేసియు, 2024 ముగియునప్పటికిని సంపూర్ణము కాలేదు. కిక్‌స్టార్టరు చందాలను పరిశీలించి అమెరికా ఆచార్యుడు ఈథన్ మాలిక్ 2015లో ప్రకటించిన ఫలితము ప్రకారము, నూటికి తొమ్మిది పనులు మాట నిచ్చిన ఫలమును చేర్చనేలేదు. ఆ తొమ్మిదింటిలో తాము సొమ్మిచ్చినది యున్నదో లేదో మౌనమున కూర్చున్న చందాదారులకు తెలియు మార్గమేది?

ఓర్పును గూర్చి మా యూరికి పాఠము చెప్పవలసిన పని లేదు. 1980 దశకమున కాజీపేటకని యాశపెట్టిన రైలుపెట్టెల కర్మాగారము పంజాబునందలి కపుర్తలాకు పోయెను. అట్టి కర్మాగారమును గూర్చి ఆరు నెలలలో పరిశీలింపవలెనని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టమున వ్రాసిరి. కాజీపేటలో రైలు వాహనముల తయారీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది 2023 జూలై 8న. ఈ నడుమ మా తండ్రుల తరము ఓర్చుకొని ఓర్చుకొని ఉద్యోగములు విరమించినది. అడుగకుండుటచే మేము బాగుపడితిమని యెవరైన చెప్పగలరా? మా జంక్షనులోని ప్రయాణికుని చూడుడు. బండి నాలుగు గంటలు ఆలస్యమని చెప్పిన, వాడు గొణుగుకొని, దుప్పటి పరచుకొని పండుకొనును. ఏ మాటయు చెప్పకున్ననే లేచి స్టేషను మాస్టరు గది కేగును.

ఆటశిల్పులకు ప్రాణభయము కల్పించు జాబులు వ్రాయు అభిమానులును కలరు. వారితో మాకు పొత్తు లేదు, అది నీచకార్యము. కాని మర్యాదగా నడిగినవాని నోరు నొక్కిన చోటనే అమర్యాద పెరుగుచున్నదని కూడ చెప్పక తప్పదు.

మన యిండ్లలో చీటీలు వేయు స్త్రీలను చూడుడు. పాట జరిగిన నాడు ఎవరెంత కట్టిరో, ఎవరికెంత చేరెనో పుస్తకము తీసి చదివింపనిదే వారు లేవరు. దానిని ఓర్పులేమి యని యే మగవాడును అనడు. అన్నను వారు వినరు. అట్టి తల్లుల బిడ్డలే ఎన్నడు చూడని పరదేశి చేతిలో సొమ్ము పోసి, లెక్క యడుగుట పాపమని నమ్ముచున్నారు! పని నెరవేర్పలేని శిల్పి తానేమి చేసెనో, సొమ్మెట్లు వ్యయమయ్యెనో చందాదారులకు తెలుపవలెనని కిక్‌స్టార్టరు నిబంధనలలోనే యున్నది. ఇది దయగా వేడుకొనవలసినది కాదు.

ఈ మౌనము వలని నష్టము ఎవరికి? మాట తప్పినవారికంటె, ఇంకను మాట యియ్యని వారికే యెక్కువ. పూనాయందలి నాడింగ్ హెడ్స్ అను బృందము రాజీ అను భారతీయ పురాణకథల యాటకై 2017లో చందాలు కోరగా, కోరిన మొత్తము సమకూరలేదు. వారు పట్టు వదలక 2020లో ఆటను వెలువరించిరి. అందరికి అట్టి పట్టు సాధ్యమా? రేపు కాకతీయుల కథనో, సమ్మక్క కథనో యాటగా చేయదలచి వరంగల్లు యువకుడొకడు చందాలకై వచ్చును. వానికి మేము సొమ్మిత్తుము. ఇచ్చుటకు ముందు, నెలకొక జాబు వ్రాయుదునని వానిచేత వ్రాయించుకొందుము. ఏ నెలలోనైన జాబు రాకున్న వాని యింటికే పోయి యడుగుదుము.