కనబడనివాడికీ ఒక కట్టుబాటు

మా మనవడు తన స్నేహితులతో కలిసి కంప్యూటరులో ఒక యుద్ధక్రీడను రూపొందిస్తున్నాడు. మంత్రాలూ మాయలూ ఉన్న కల్పిత లోకం. వంతులు లేకుండా ఇరుపక్షాలూ ఏకకాలంలో సేనలు సమకూర్చుకొని పోరాడతాయి. దీనిని రియల్ టైమ్ స్ట్రాటజీ అంటారు. అందులో అదృశ్యంగా వెళ్ళి హతమార్చే యోధుడొకడు ఉండాలని వాడి కోరిక. “వాణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేరు, తాతయ్యా” అన్నాడు. అటువంటి యోధుడు ముందుగా ఆటనే చంపుతాడని నా వాదం.

చదరంగంలో బలగమంతా కళ్ళెదుటే ఉంటుంది. ఈ ఆటలలో మన సేన చూపు ఆనినంత మేరే కనబడుతుంది. ఆ మేరలోనూ కనబడనివాడు వస్తే ఎదుటివాడి ఆలోచనకు ఆధారమేమిటి? ఓడినవాడు తానెక్కడ ఏమరుపాటు పడ్డాడో వెదుక్కోగలగాలి. ఆ జవాబు దొరకని ఓటమి వల్ల కోపమే తప్ప నేర్పు పెరగదు.

ఈ చిక్కు మన కావ్యకర్తలకు తెలియనిది కాదు. రామాయణంలో ఇంద్రజిత్తు అదృశ్యుడై బాణాలు కురిపిస్తుంటే వానరసేన నిస్సహాయమైపోతుంది. ఆ బలానికి హద్దే లేకపోతే యుద్ధకాండ అక్కడే ముగియాలి. కాని దానికి మూలం నికుంభిలలో చేసే హోమం. ఆ రహస్యం ఎరిగిన విభీషణుడు రాముడి పక్షాన ఉన్నాడు. హోమం పూర్తికాకముందే లక్ష్మణుడు అడ్డుకున్నాడు. అంటే ఆ శక్తికి ఒక చోటు ఉంది, కొంత వ్యవధి కావాలి, దాని గుట్టు తెలిసినవాడు అవతల ఉన్నాడు. అదృశ్యం మాట అటుంచి, ఏ మహిమకైనా ఇదే న్యాయం. పెద్దన ప్రవరుడి కాళ్ళకు పూసిన పసరు హిమాలయపు మంచుకు కరిగింది గనుకనే మనుచరిత్ర కథ నడిచింది.

2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆటలోనూ ఈ వివేకమే ఉంది. నైట్ ఎల్ఫ్ జాతి వనితలు రాత్రివేళ, అదీ కదలకుండా నిలిచినప్పుడే మరుగవుతారు. బ్లేడ్‌మాస్టర్ అనే వీరుడు కనబడకుండా వేగంగా సాగగలడు గాని, కొట్టిన తొలి దెబ్బతోనే బయటపడతాడు. షేడ్ అనే ఛాయారూపం ఎల్లప్పుడూ అదృశ్యమే. అయితే దానికి దాడి చేసే శక్తి లేదు, పైగా దానిని పొందాలంటే ఒక సేవకుణ్ణి బలి ఇవ్వాలి. అంతకుముందు, 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌లో డార్క్ టెంప్లార్ నడిచిన చోట తెరమీద గాలి సన్నగా చెదిరినట్లు అగపడుతుంది. దృష్టి నిలిపి చూసేవాడికి ఆ జాడ చాలు.

ఇన్ని కట్టుబాట్లుంటే ఇక భయమెక్కడిదని అడగవచ్చు. భయం పుట్టేది వస్తాడేమోనన్న శంకలో. ఆ శంకతోనే ఎదుటివాడు ఇంటి దగ్గర కాపలా ఉంచుతాడు, పసిగట్టే సాధనాలకు బంగారం వెచ్చిస్తాడు. యోధుడు రాకుండానే సగం పని జరిగిపోతుంది. అయితే ఆ సాధనాలు మరీ చవకై, కోటంతటినీ ఒక్కటే కాపాడేటట్లుంటే మన యోధుణ్ణి ఎవరూ తయారు చేయరు. కనుక వాటి చూపు కొద్ది మేరకే ఆనాలి. ఎక్కడ నిలపాలన్నది ఆటగాడి బుద్ధికి వదలాలి.

నేనైతే ఆ యోధుణ్ణి ఇలా దిద్దుతాను. మెల్లగా నడిచినంతసేపే అదృశ్యం. పరుగెత్తితే బయటపడతాడు. గడ్డిలో నడిస్తే గడ్డి వంగుతుంది, ఏరు దాటితే నీరు చెదురుతుంది. దెబ్బ కొట్టిన తరువాత కొన్ని క్షణాలు అందరికీ కనబడి తీరాలి, ఆ క్షణాలలో తప్పించుకోవడమే వాణ్ణి నడిపేవాడి నేర్పు. శరీరం బలహీనం, తయారీ ఖర్చు ఎక్కువ. ఇటువంటివాడి చేతిలో ఓడినవాడు “ఏటి ఒడ్డున ఆ అల చూశాను, పట్టించుకోలేదు” అనుకొని మరో ఆటకు కూర్చుంటాడు.

ఆట అన్నది ఇద్దరూ ఆడవలసినది. మిత్రులలో ఇటువంటి ఆటలు ఆడినవారూ, అల్లినవారూ ఉండే ఉంటారు. నా వాదంలో పస ఎంతో వారే తేల్చాలి.