సమాన అవకాశం ఉందని ఎవరు చెప్పారు?

ఇరవై నిమిషాలకో బస్సు వస్తుంటే, వేళ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఎంతసేపు నిలబడాలి? మన ఇంటర్ పిల్లలు ఠక్కున 10 నిమిషాలంటారు. బస్సులు గడియారం ప్రకారం వస్తే అది నిజమే. కానీ ఒకటి 5 నిమిషాలకే వచ్చి, దాని తర్వాతది 35 నిమిషాలకు వస్తే? సగటు వ్యవధి అప్పుడూ ఇరవయ్యే. కాకపోతే ఆ పెద్ద ఖాళీలో చిక్కుకునే అవకాశం ఎనిమిదింట ఏడు వంతులు కాబట్టి, ఎదురుచూపు సగటున 15.6 నిమిషాలకు పెరుగుతుంది. సమానత ప్రయాణికుడి రాకలో ఉంది, బస్సుల రాకలో లేదు. అది ఎక్కడుందో పట్టుకోవడమే అసలు లెక్క. మన ప్రశ్నపత్రాలు ఆ పనిని తామే చేసిపెట్టి, పిల్లలకు సూత్రంలో అంకెలు వేసే పని మిగులుస్తున్నాయి.

సమానత ఉందో లేదో చూడకుండా ఉందనుకునే ఈ అలవాటు ఖరీదు 1969 డిసెంబరు 1న అమెరికాలో బయటపడింది. వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే వరుస కోసం 366 పుట్టిన తేదీలను గొట్టాల్లో పెట్టి లాటరీ తీసి, వచ్చిన వరుసలో తేదీలకు సంఖ్యలు ఇచ్చారు. అందరికీ సమాన అవకాశమే ఉంటే ఏ నెలకైనా సగటు సంఖ్య 183.5కు అటూ ఇటూగా ఉండాలి. 31 రోజుల నెలకు సహజమైన ఊగిసలాట 18 దాకా ఉంటుంది. డిసెంబరు సగటు 121.5 వచ్చింది. 62 తేడా అంటే ఊగిసలాటకు మూడు రెట్లకు పైనే. దీన్ని అదృష్టం ఖాతాలో వేయడం కష్టం. గొట్టాలను నెలవారీగా పోశారు, సరిగా కలపలేదు. చిన్న సంఖ్య వచ్చినవాడికి పిలుపు ముందు. మరుసటి ఏడాది తేదీలకో డ్రమ్ము, సంఖ్యలకో డ్రమ్ము పెట్టి పద్ధతి మార్చారు.

ఏమీ తెలియనప్పుడు అన్నిటికీ సమాన అవకాశం ఇవ్వడం న్యాయమే కదా అనవచ్చు. గణితవేత్త లాప్లాస్ అంతటివాడు అన్న మాటే అది. అయితే వృత్తంలో తోచినట్టు గీసిన జ్యా, అందులో ఇమిడే సమబాహు త్రిభుజం భుజం కన్నా పొడవుగా ఉండే సంభావ్యతకు మూడు జవాబులున్నాయని 1889లో మరో గణితవేత్త బెర్‌ట్రాండ్ చూపాడు: 1/2, 1/3, 1/4. జ్యాను ఎలా ఎంచుకున్నామన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. తెలియకపోవడం నుంచి సమానత దానంతటదే పుట్టదు. ముందు సూత్రం వంటబట్టాలి, సందేహాలు తర్వాత అనే అధ్యాపకుల మాటలో కొంత నిజముంది. ఆ తర్వాత అనేది సిలబస్‌లో ఎప్పటికీ రాకపోవడమే చిక్కు. ఇలాంటి ప్రశ్నలకు మార్కులు వేయడం కష్టమన్న వాదన మాత్రం నిలవదు. పన్నెండు నెలల సగటులూ ఇచ్చి, ఇది సరైన లాటరీయేనా, లెక్కతో చూపమంటే, దిద్దేవారికి ఆ 18, ఆ 62 చాలు.